అలోన్సో, డియాజ్, నిమ్మో: ముగ్గురినీ ఒకే చలికాలంలో వదిలేయడం కరెక్టేనా?

ఎడిసన్ బాబాయ్

ఇక్కడ సగం మంది న్యూయార్క్‌లోనే ఉన్న ఇంకో జట్టు యాంకీస్ బ్యాచ్ అని తెలిసే అడుగుతున్నా. వెటకారం కాస్త తగ్గించుకోండి. బేస్‌బాల్ ఇప్పుడిప్పుడే చూస్తున్నవాళ్ల కోసం ముందు జరిగింది చెప్తా.

2025లో మా న్యూయార్క్ మెట్స్ జూన్ 12 నాటికి 45 గెలిచి 24 ఓడింది. ముప్ఫై జట్లలో అందరికంటే పైన ఉన్నాం. సెప్టెంబర్ ఆఖరుకి చూస్తే 83-79. చివరి రోజు మయామీలో గెలిస్తే చాలు, ప్లేఆఫ్స్‌కి వెళ్లేవాళ్లం, ఎందుకంటే మాతో పోటీలో ఉన్న సిన్సినాటి కూడా ఆ రోజే ఓడింది. మేము 4-0తో ఓడాం.

ఇక నవంబర్ నుంచి మొదలు. జట్టు వ్యవహారాలన్నీ చూసే డేవిడ్ స్టెర్న్స్ ముందు మా బ్యాటర్ నిమ్మోని టెక్సస్ రేంజర్స్‌కి ఇచ్చి మార్కస్ సెమియన్‌ని తెచ్చాడు. డిసెంబర్‌లో మా క్లోజర్ (చివరి ఇన్నింగ్స్‌లో ఆధిక్యాన్ని కాపాడే పిచర్) డియాజ్ మూడేళ్లకు 69 మిలియన్ డాలర్లతో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి వెళ్లాడు. ఆ వెంటనే పీట్ అలోన్సో ఐదేళ్లకు 155 మిలియన్లతో బాల్టిమోర్ చేరాడు. ఆ నెల పూర్తవకముందే ఇంకో పాత ఆటగాడు మెక్‌నీల్‌ని కూడా పంపేశారు. స్టెర్న్స్ చెప్పే కారణం ఒక్కటే: పరుగులు ఆపాలి, ఫీల్డింగ్ బాగుపడాలి.

అందరూ అలోన్సో కోసం ఏడుస్తున్నారు. నా అభిప్రాయం వేరు. అలోన్సోని వదలడం లెక్క ప్రకారం తప్పు కాదు. తప్పు జరిగింది డియాజ్ దగ్గర. మీరేమంటారు?

క్వీన్స్ కోడలు

బాబాయ్ గారూ, అలోన్సోని వదలడం తప్పు కాదని అంత తేలిగ్గా ఎలా అన్నారు? 2019లో వచ్చీ రాగానే 53 హోమ్ రన్లు (బంతిని గోడ దాటించడం), కొత్త ఆటగాళ్లలో అదే రికార్డు. 2025 ఆగస్టులో పాత మెట్స్ ఆటగాడు స్ట్రాబెర్రీ కొట్టిన 252ని దాటాడు, ఇప్పుడు మెట్స్ చరిత్రలో అందరికంటే ఎక్కువ, 264. గత రెండు సీజన్లలో ఒక్క మ్యాచ్ కూడా మానలేదు, 162కి 162. పోయినేడు 38 హోమ్ రన్లు, 126 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో జట్టుకి తెచ్చిన పరుగులు). ఇంతకంటే ఇంకేం చేయాలి మనిషి?

2024 అక్టోబర్ 3 గుర్తుందా? మిల్వాకీలో ప్లేఆఫ్ మ్యాచ్, తొమ్మిదో అంటే ఆఖరి ఇన్నింగ్స్, మనం 2-0తో వెనక. లిండోర్ వాక్‌తో, నిమ్మో సింగిల్‌తో బేస్‌ల మీదికి చేరారు, ఆపైన అలోన్సో కుడివైపు గోడ దాటించాడు. మూడు పరుగులు, సిరీస్ మనది. ఆ బంతి వేసింది డెవిన్ విలియమ్స్. ఇప్పుడు ఆ విలియమ్స్‌కి మూడేళ్లకు 51 మిలియన్లు ఇచ్చి మన క్లోజర్‌గా పెట్టుకున్నాం, కొట్టిన అలోన్సోని పంపించేశాం. నిమ్మో కూడా లేడు. నవ్వాలా ఏడవాలా చెప్పండి.

లెక్కల మాస్టారు

అక్కా, ఆ హోమ్ రన్‌కి 2024లోనే చప్పట్లు కొట్టేశాం. కాంట్రాక్ట్ ఇచ్చేది 2026 నుంచి 2030 దాకా ఆడబోయే ఆటకి. అలోన్సోకి 31 నిండాయి. ఈ ఒప్పందం ముగిసేసరికి 36కి దగ్గరవుతాడు. కుడిచేతి ఫస్ట్ బేస్‌మన్ (మొదటి బేస్ దగ్గరి ఫీల్డర్), పరుగు తక్కువ, ఫీల్డింగ్ అంతంతమాత్రం. ఇలాంటివాళ్లకి బ్యాట్ నెమ్మదించిన రోజున ఇంకో దారి ఉండదు.

సెయింట్ లూయిస్‌ని చూడండి. 2011లో కప్పు గెలిచారు, ఆ చలికాలమే వాళ్ల స్టార్ బ్యాటర్ పూహోల్స్‌ని ఏంజెల్స్ జట్టు పదేళ్లకు 240 మిలియన్లు పెట్టి ఎత్తుకెళ్లింది. ఊరంతా గోల. అయితే 2013లో మళ్లీ వరల్డ్ సిరీస్ (కప్పు ఫైనల్) ఆడింది సెయింట్ లూయిసే. పూహోల్స్ ఉన్నన్నాళ్లూ ఏంజెల్స్ ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ గెలవలేదు, చివరికి 2021 మేలో వాళ్లే వదిలేశారు.

ఇంకో విషయం. మెట్స్ 45-24 ఉన్న జూన్ 12న ఏం జరిగిందో గుర్తుందా? మన పిచర్ సెంగా అప్పటికి 1.47 ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చే పరుగుల సగటు, తక్కువైతే మంచిది) ఉన్నాడు. నేల బంతిని అలోన్సో పట్టి, బేస్ దగ్గరికి పరుగెత్తుకొస్తున్న సెంగాకి విసిరాడు. ఆ త్రో ఎత్తుగా పోయింది. సెంగా ఎగిరి అందుకున్నాడు, కాలు బేస్ మీద పడింది, అవుట్ కూడా వచ్చింది, ఆ మరుక్షణం తొడ వెనక పట్టుకుని కూలిపోయాడు. ఆ తర్వాత మళ్లీ ఆ సెంగా కనపడలేదు, సెప్టెంబర్‌లో మైనర్స్‌కి (కింది స్థాయి జట్టుకి) పంపాల్సి వచ్చింది. జట్టు జారడం మొదలైందీ ఆ రోజు నుంచే. స్టెర్న్స్ పరుగులు ఆపాలి అన్నప్పుడు నాకు ఆ త్రోయే కళ్ల ముందుకొచ్చింది.

క్వీన్స్ కోడలు

ఒక్క త్రోతో సీజన్ మొత్తాన్ని ఆయన నెత్తిన రుద్దుతున్నారా మాస్టారూ? పిచర్లు మనాయా, మోంటాస్ గాయాలకి కూడా అలోన్సోనే కారణమా? చివరి రోజు మయామీలో బేస్‌లు నిండి ఉన్నప్పుడు గట్టిగా కొట్టింది ఎవరు? తిన్నగా లెఫ్ట్ ఫీల్డర్ చేతిలోకి పోయింది, అది ఆయన ఖర్మ. ఇంకో నాలుగడుగులు పక్కకి పోయి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

ఫీల్డింగ్ కోసమే అంటున్నారు కదా, మరి అలోన్సో స్థానంలో ఎవర్ని తెచ్చారు? హోర్హే పొలాంకో. రెండేళ్లకు 40 మిలియన్లు. ఆయనకి ఫస్ట్ బేస్‌లో అనుభవమే లేదని చెప్పాలి. మూడేళ్లకు 126 మిలియన్లు ఇచ్చి బిషెట్‌ని తెచ్చారు, షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య) ఆడినవాడు, మేజర్స్‌లో (పెద్ద లీగ్‌లో) థర్డ్ బేస్ మొహం చూడలేదు, అక్కడే ఆడిస్తారట. ఇన్‌ఫీల్డ్ రెండు మూలల్లోనూ కొత్తవాళ్లే! ఇదేనా ఫీల్డింగ్ బాగుచేయడం?

లెక్కల మాస్టారు

ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే. పొలాంకో సంగతి నాకూ మింగుడుపడటం లేదు. సెమియన్, కొత్తగా తెచ్చిన లూయిస్ రాబర్ట్ వరకు ఫీల్డింగ్ అన్న మాట నిలుస్తుంది. మిగతాది బ్యాటింగ్ కోసం కొన్నదే, దానికి ఫీల్డింగ్ అని పేరు పెట్టక్కర్లేదు.

బాల్టిమోర్ పిచ్చుక

మీరు కొట్టుకోండి, మాకు అలోన్సో చాలు 😀 పోయినేడు మేము 75-87, మా డివిజన్‌లో అట్టడుగు. కుర్రాళ్లు బోలెడుమంది ఉన్నారు, బంతిని స్టేడియం బయటికి పంపే పెద్దమనిషే లేడు. పైగా మా క్యామ్డెన్ యార్డ్స్‌లో ఎడమవైపు గోడ 2022లో వెనక్కి జరిపినదాన్ని 2025కి మళ్లీ కొంత ముందుకు తెచ్చారు. కుడిచేతి బ్యాటర్‌కి అంతకంటే ఏం కావాలి? ఐదో ఏడు సంగతి ఐదో ఏడు చూసుకుంటాం.

ఫ్రిస్కో రెడ్డి

నిమ్మో గురించి ఎవరూ మాట్లాడరేంటి? ఒక్క మ్యాచ్ అయినా ఆడకముందే మా పిల్లలకి నచ్చేశాడు, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. 2011లో మెట్స్ వాళ్లు డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లని జట్లు ఎంచుకునే చోట) తీసుకున్న వయోమింగ్ కుర్రాడు, ఇంకో జట్టు చొక్కా వేసుకోలేదు. ట్రేడ్‌కి ఒప్పుకోనని అనే హక్కు కాంట్రాక్ట్‌లో ఉంది, అయినా ఒప్పుకుని వచ్చాడు. 25 హోమ్ రన్లు, 92 ఆర్‌బీఐలు. సెమియన్ మా రేంజర్స్‌కి 2023లో కప్పు తెచ్చినవాళ్లలో ఒకడు, ఆ గౌరవం ఎప్పుడూ ఉంటుంది. కానీ 35 ఏళ్లు, పోయినేడు .230 సగటుతో కొట్టి కాలి గాయంతో ముగించాడు. ఈ బేరంలో మాదే పైచేయి అని నా లెక్క.

ఎడిసన్ బాబాయ్

రెడ్డి గారూ, నిమ్మో కాంట్రాక్ట్ 2030 దాకా ఉంది, సెమియన్‌ది 2028తో అయిపోతుంది. మా వాళ్లు చూసింది ఆ రెండేళ్లనే.

ఇప్పుడు నా అసలు పాయింటుకి వస్తా, ఇందాకటి నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. డియాజ్‌కి 69, విలియమ్స్‌కి 51, రెండూ మూడేళ్లకే. తేడా ఏడాదికి 6 మిలియన్లు. మెట్స్‌లా ఏటా హద్దు దాటే జట్టు జీతాల మొత్తం 2026లో 304 మిలియన్లు మించితే, ఆ పైన ఖర్చుపెట్టే ప్రతి డాలరుకీ 110 శాతం లగ్జరీ టాక్స్ (లీగ్‌కి కట్టే జరిమానా) పడుతుంది. అంటే 6 కాస్తా 12.6 అవుతుంది. అయినా సరే, కోహెన్ లాంటి యజమానికి అదొక లెక్కా? 2020లో ఈ క్లబ్బునే 2.4 బిలియన్లు పెట్టి కొన్నాడు, బ్యాటర్ సోటోకి 765 మిలియన్లు ఇచ్చాడు!

2025లో డియాజ్ ఈఆర్‌ఏ 1.63, విలియమ్స్‌ది యాంకీస్ తరఫున 4.79. మా స్టేడియం సిటీ ఫీల్డ్‌లో ట్రంపెట్ మోగి డియాజ్ బుల్‌పెన్ (పిచర్లు సిద్ధమయ్యే చోటు) తలుపు తీసుకుని వస్తుంటే పాప్‌కార్న్ అమ్మేవాడు కూడా నిలబడి చూసేవాడు. ఎదుటి జట్టు బెంచ్‌లో మొహాలు మాడిపోయేవి.

లెక్కల మాస్టారు

బాబాయ్, సీజన్ మొత్తంలో జట్టు వేసే ఇన్నింగ్స్ 1,450 దాకా ఉంటాయి. క్లోజర్ వేసేది 65 అటూ ఇటూ. ఆ కాసిన్నిటికి అంత డబ్బా? పైగా 2023లో ఏమైంది? దేశాల మధ్య జరిగే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో గెలిచిన సంబరంలో డియాజ్ గెంతి మోకాలు పోగొట్టుకుని ఏడాదంతా ఇంట్లో కూర్చున్నాడు. క్లోజర్లు అంతే, ఎప్పుడు ఏమవుతుందో ఎవరికీ తెలీదు.

ఎడిసన్ బాబాయ్

ఆ 65 ఏ ఇన్నింగ్సో చూడండి మాస్టారూ. 2025లో ఎనిమిదో ఇన్నింగ్స్ అయ్యాక వెనకబడి ఉన్న ఒక్క మ్యాచ్ కూడా మెట్స్ తిప్పుకోలేదు. ఒక్కటీ! చివర్లో కొట్టి గెలిచే అలవాటు లేని జట్టు, చేతిలో ఉన్న ఆధిక్యాన్నైనా కాపాడుకోవాలి కదా. కాపాడేవాడిని తీసుకెళ్లి డాడ్జర్స్‌కి ఇచ్చారు. వాళ్లు వరసగా రెండు కప్పులు గెలిచి, ఇంకా సరిపోలేదని నాలుగేళ్లకు 240 మిలియన్లు పెట్టి బ్యాటర్ టక్కర్‌ని కూడా కొన్నారు.

ఉప్పల్ గ్యాలరీ

హైదరాబాద్ నుంచి చదువుతున్నా, బేస్‌బాల్ మీరు రాసినంతే తెలుసు. చిన్న డౌట్. మా ఐపీఎల్‌లో రిటెన్షన్, వేలం ఉంటాయి. అక్కడ ఆటగాడు తనంతట తాను వెళ్లిపోవచ్చా?

ఇంకోటి. సన్‌రైజర్స్ విషయంలో ఇదంతా మేము పడ్డదే. 2016లో కప్పు తెచ్చిన వార్నర్, తెలుగు పాటలకి డాన్సులేసి ఇంట్లో మనిషైపోయినవాడు. 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేసి, తర్వాత వదిలేశారు. రషీద్ ఖాన్ కూడా పోయాడు. 2022లో రషీద్ గుజరాత్‌తో కప్పు ఎత్తాడు, మేము ఎనిమిదో స్థానం. 2023లో ఆఖరి స్థానం. ఉప్పల్‌లో కూర్చుని చూడబుద్ధి కాలేదు.

ఎడిసన్ బాబాయ్

మేజర్స్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తయి, కాంట్రాక్ట్ మిగలకపోతే ఫ్రీ ఏజెంట్ తమ్ముడూ. నచ్చిన జట్టుతో బేరం ఆడుకోవచ్చు. అలోన్సో, డియాజ్ అలాగే వెళ్లారు. నిమ్మోది ట్రేడ్.

లెక్కల మాస్టారు

ఉప్పల్ తమ్ముడూ, కథ సగంలో ఆపేశావేం? 2023 డిసెంబర్ వేలంలో కమిన్స్‌ని 20.5 కోట్లకు కొన్నారు, 2024లో ఫైనల్ ఆడారు.

ఉప్పల్ గ్యాలరీ

ఆడారు, కోల్‌కతా చేతిలో చిత్తుగా ఓడారు. మధ్యలో పోయిన రెండేళ్లు మాకెవరిస్తారు సార్?

బ్రాంక్స్ బుల్లోడు

వెటకారం చేయను బాబాయ్, మాట ఇస్తున్నా. 2024 డిసెంబర్‌లో సోటో కోసం మా యాంకీస్ 16 ఏళ్లకు 760 మిలియన్ల దాకా వెళ్లిందన్నారు. మీవాళ్లు 15 ఏళ్లకు 765 ఇచ్చారు. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపులో ఒకటే శోకాలు. తర్వాత ఏమైంది? ఆ డబ్బులో పిచర్ ఫ్రైడ్‌కి ఎనిమిదేళ్లకు 218 ఇచ్చారు, ట్రేడ్‌లో బ్యాటర్ బెలింజర్‌ని తెచ్చారు. ఫ్రైడ్ 19 గెలిచాడు, బెలింజర్ 29 హోమ్ రన్లు. మేము 94 గెలిచాం, మీరు 83. సోటో మీ దగ్గర 43 కొట్టినా సరే.

క్వీన్స్ కోడలు

94 గెలిచి టొరంటో చేతిలో నాలుగు మ్యాచ్‌ల్లో ఇంటికెళ్లారు కదా బుల్లోడూ.

అయినా మీ సంగతి వేరు. మీ దగ్గర సోటో ఆడింది ఒక్క ఏడాది. మీ స్టార్ బ్యాటర్ జడ్జ్ మీ దగ్గరే ఉన్నాడు. 2022లో జడ్జ్ చేజారేలా ఉంటే తొమ్మిదేళ్లకు 360 మిలియన్లు ఇచ్చి మరీ ఆపుకున్నారు, అప్పుడు లెక్కల మాస్టార్లని ఎవరూ అడగలేదు. మాకు మాత్రం మా చేతుల్లో పెరిగిన మనిషిని ఆపుకునే టైమొచ్చేసరికి వయసు, పరుగు, త్రో అన్నీ గుర్తొచ్చాయి. 1977లో తన గొప్ప పిచర్ టామ్ సీవర్‌ని సిన్సినాటికి పంపేసిన క్లబ్బు ఇది. మా మామగారు ఇక్కడికి వచ్చిన కొత్తల్లో పక్కింటి పెద్దాయన ఆ సంగతి చెప్పి తిట్టుకునేవాడట.

లెక్కల మాస్టారు

జడ్జ్‌కీ అలోన్సోకీ పోలికా అక్కా? సరే, వదిలేద్దాం.

స్టెర్న్స్‌కి నేను మార్కులు వేసేది మిల్వాకీ నుంచి తెచ్చిన పిచర్ పెరాల్టా విషయంలో. పోయినేడు 17 గెలిచి 6 ఓడాడు, 2.70 ఈఆర్‌ఏ. 2026కి జీతం 8 మిలియన్లే. జట్టుని ముంచింది పిచింగ్, దాన్ని స్టెర్న్స్ బాగుచేశాడు. అలోన్సోకి ఏటా 31 మిలియన్లు పోసి ఉంటే ఈ ధైర్యం వచ్చేది కాదు.

ఎడిసన్ బాబాయ్

పెరాల్టా కోసం ఇద్దరు మంచి కుర్రాళ్లని మిల్వాకీకి ఇచ్చారు, జెట్ విలియమ్స్, స్ప్రోట్. పెరాల్టా కాంట్రాక్ట్ 2026 సీజన్‌తో అయిపోతుంది. 2026 జూన్‌కి ఆయనకి 30 నిండుతాయి. మాస్టారి సూత్రం ప్రకారం వచ్చే నవంబర్‌లో ఆయనకి కూడా దండం పెట్టి పంపాలి.

లెక్కల మాస్టారు

మూడేళ్లయితే ఇస్తా. ఆరేళ్లు అడిగితే దండమే.

క్వీన్స్ కోడలు

ఆరేళ్లే అడుగుతాడు. ఇచ్చేవాళ్లు లాస్ ఏంజెలెస్‌లో ఉంటారు.