దీపాల వేళ దాటగానే గుక్కపట్టి ఏడుస్తున్న పాప

ప్రశ్న

మా పాపకు ఆరు వారాలు. పగలు బాగానే పాలు తాగి నిద్రపోతుంది గాని, దీపాలు పెట్టే వేళ దాటిందంటే గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టి, కాళ్ళు పొట్టలోకి ముడుచుకొని, రాత్రి పదింటి వరకు ఏడుస్తూనే ఉంటుంది. బరువు సక్రమంగా పెరుగుతోందని, జబ్బేమీ లేదని డాక్టరు గారు చెప్పారు. అమ్మ వసకొమ్ము అరగదీసి నాకించమంటోంది. అత్తగారు నా పాలు పడటం లేదని, డబ్బా పాలు పట్టమని అంటున్నారు. నిజంగా దోషం నా పాలలోనే ఉందా?

జవాబు: ఇద్దరు పిల్లల తల్లి

లేదమ్మా. మా పెద్దవాడు ఇలాగే ఏడిస్తే నేను పప్పు, కూరలు అన్నీ మానేసి నెల రోజులు కారప్పొడి అన్నంతో గడిపాను. వాడి ఏడుపు తగ్గలేదు, నేను మాత్రం లేవలేనంతగా నీరసించాను. భుజాన వేసుకొని మసక వెలుతురులో తిరగడం, సాయంత్రం గోరువెచ్చని నీళ్ళు పోయడం కొంత పనిచేశాయి. మూడో నెల దాటాక ఏడుపు దానంతటదే తగ్గింది.

జవాబు: పిల్లల వైద్యుడు

ఆరోగ్యంగా ఉన్న బిడ్డ రోజుకు 3 గంటలకు మించి, వారంలో 3 రోజులకు మించి, 3 వారాలకు పైగా ఏడిస్తే దానిని కోలిక్ అంటారని 1954లో వెసెల్ అనే అమెరికా వైద్యుడు, ఆయన సహచరులు నిర్వచించారు. పసిపిల్లల ఏడుపు రెండో వారం నుంచి పెరిగి, సుమారు ఆరో వారంలో పతాకస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. అంటే మీరిప్పుడు అన్నిటికంటే కష్టమైన వారాల్లో ఉన్నారు. తల్లిపాలు మాన్పించవలసిన పని లేదు.

వస నాకించవద్దని మీ అమ్మగారికి నెమ్మదిగా చెప్పండి, అది పసికందుకు హాని చేయగలదు. గ్రైప్ వాటర్ ఏడుపును తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. డైసైక్లోమిన్ ఉన్న కడుపునొప్పి చుక్కలు ఆరు నెలల లోపు పిల్లల్లో ఊపిరికే ప్రమాదం తేగలవు కాబట్టి, మందుల షాపులో అడిగి తెచ్చి వేయకండి.

అయితే 100.4 డిగ్రీల జ్వరం, ఆకుపచ్చని వాంతి, విరేచనంలో రక్తం, పాలు తాగకపోవడం, మాడు ఉబ్బడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే వరకు ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఉన్నట్టుండి కొత్తగా ఏడిస్తే కాలి వేళ్ళు కూడా చూడండి. బాలింతకు రాలే వెంట్రుక ఒక్కోసారి బిడ్డ వేలికి బిగుసుకుపోతుంది.

జవాబు: ఒక తండ్రి

ఏడుపు వినీ వినీ ఒక రాత్రి నాకు చేతులు వణికేంత కోపం వచ్చింది. బాబును వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరకు వేసి, అయిదు నిమిషాలు వాకిట్లో నిలబడి వచ్చాను. బిడ్డను ఒక్కసారి గట్టిగా ఊపినా మెదడులో రక్తస్రావం కావచ్చునని మాకు ముందే చెప్పి ఉండటం వల్లనే అలా బయటకు రాగలిగాను. మీ ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

డాక్టరు గారి జవాబును అమ్మకు, అత్తగారికి చదివి వినిపించాను. ఈ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకు పాపను మా ఆయన ఎత్తుకుంటానన్నారు. ఆ గంటలో నేను అన్నం తిని పడుకుంటాను.