అప్‌డేట్: అమ్మాయి ఇంట్లో కట్టెల స్టవ్

చలికాలంలో వెచ్చదనానికి కట్టెల స్టవ్ ఒక్కటే ఉన్న ఇంట్లోకి మా అమ్మాయి మారుతోంది, మొదట ఏం కొనిపెట్టాలి అని అడిగాను కదా. గొడ్డలి సంగతి తర్వాత, ముందు చిమ్నీ చూపించండి అని చాలామంది అన్నారు. ఆ మాటకి ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. శుభ్రం చేయడానికి వచ్చినాయన గొట్టం లోపల నల్లగా, గాజులా మెరుస్తూ గట్టిపడిన క్రియోసోట్ (కట్టెల పొగ వల్ల పేరుకునే తారు లాంటిది) చూపించాడు. అది అంటుకుంటే చిమ్నీయే తగలబడుతుంది. ఇక ఏటా ఒకసారైనా చూపించాల్సిందే.

తర్వాత కట్టెలు. ఎండినవే అని అమ్మారు గానీ, ఒక మొద్దు చీల్చి ఆ కొత్త ముఖం మీద తేమ మీటర్ గుచ్చితే 30 శాతం దాటింది, 20 లోపు ఉండాలి. వాటిని నేలకి ఆనకుండా, పైన మాత్రమే కప్పి, పక్కల నుంచి గాలి ఆడేలా పేర్చాం, అవి వచ్చే ఏడాదికి. ఇప్పటికి వేరే తెప్పించాం.

వెలిగించడం తనకే వదిలేశాను. పెద్ద మొద్దులు కింద, సన్న పుల్లలు పైన, నిప్పు పైనుంచి, స్టవ్‌లోకి గాలి వెళ్ళే దారి మొత్తం తెరిచి. పొగ చాలా తక్కువ వచ్చింది. పక్కనే ఉండి చెయ్యి పెట్టకుండా చూడటం కష్టమే, కానీ తన చేత్తో చేస్తేనే కదా పట్టు దొరికేది.

కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, ఆ టెన్షన్‌తో అలారం నేనే పెట్టించాను. బూడిదలో నిప్పు రోజుల తరబడి ఉంటుంది, మూతున్న ఇనప బకెట్‌లో ఇంటి బయటే ఉంచుతోంది. రాత్రంతా మండాలని గాలి పూర్తిగా మూసేయొద్దని మాత్రం ఇంకా ఫోన్ చేసినప్పుడల్లా చెప్తున్నాను.