12 నిమిషాల స్టూడెంట్ సినిమాలో మొదటి టైటిల్స్ కోసం ఒక షూటింగ్ రోజు పెట్టడం సబబేనా?

గోడరాత
అందరికీ నమస్కారం. మాది విజయవాడ, డిగ్రీ చివరి సంవత్సరం. ప్రాజెక్టుగా 12 నిమిషాల సినిమా తీస్తున్నాం. గోడల మీద, షాపుల బోర్డుల మీద అక్షరాలు రాసి బతికిన ఒక పెయింటర్ కథ. ఫ్లెక్సీలు వచ్చాక ఆయనకు రాతపని పోయింది. ఇప్పుడు పాత గోడలకు సున్నం వేయడానికి పిలుస్తున్నారు. ఆ గోడల మీద ఉన్నవి ఒకప్పుడు ఆయన రాసిన అక్షరాలే.

మొదటి 80 సెకన్లు టైటిల్స్‌కి ఇవ్వాలని నా కోరిక. మా తొమ్మిది మంది పేర్లను ఒక నిజమైన పెయింటర్ చేత గోడ మీద రాయిస్తూ తీయాలి. ఉన్నది నాలుగు రోజుల షెడ్యూల్, అద్దె కెమెరా. ఇందులో ఒక రోజు దీనికే పోతుంది. మా ఎడిటర్ ఒప్పుకోవడం లేదు. నల్ల తెర మీద సినిమా పేరు ఒక్కటి వేసి, మిగతావన్నీ చివర్లో వేద్దామంటోంది. వారం నుంచి ఇద్దరి మధ్యా ఇదే వాదన. మీరేమంటారు?

కత్తెర
నేను మీ ఎడిటర్ వైపే. 12 నిమిషాలంటే 720 సెకన్లు. అందులో 80 అంటే తొమ్మిదో వంతు. కథలో తొమ్మిదో వంతు తీసి పేర్లకు ఇస్తున్నారు తమ్ముడూ.

మా కాలేజీ రోజుల్లో పది నిమిషాల సినిమాకు రెండు నిమిషాల టైటిల్స్ పెట్టాం. ఊరంతా తిరిగి సూర్యోదయాలు తీశాం. స్క్రీనింగ్ రోజున మూడో పేరు వచ్చేసరికే హాల్లో మాటలు మొదలయ్యాయి. అసలు కథలో మొదటి డైలాగ్ ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. పైగా ఆ సూర్యోదయాలకు పోయిన రోజు వల్ల క్లైమాక్స్‌లో అమ్మ పాత్ర క్లోజప్ తీయకుండానే లొకేషన్ ఖాళీ చేశాం. ఇప్పటికీ ఆ సినిమా చూస్తే ఆ లేని షాటే కనిపిస్తుంది నాకు.

ఇంకో సంగతి. ఫెస్టివల్‌కి పంపాలనుకుంటే నిడివిలో టైటిల్స్ కూడా లెక్కే. ఆస్కార్ షార్ట్ ఫిల్మ్ నిబంధనలో కూడా 40 నిమిషాల పరిమితి టైటిల్స్‌తో కలిపే.

పాతరీలు
కత్తెర గారూ, మీ అనుభవం నిజమే కానీ తప్పు టైటిల్స్‌ది కాదు. ఆ సూర్యోదయాలకూ మీ కథకూ సంబంధం లేదు, అదీ ఇబ్బంది.

మన పాత సినిమాల్లో పేర్లన్నీ మొదట్లోనే వచ్చేవి. చివర్లో 'శుభం' అని ఒక్క కార్డు, లైట్లు వెలిగేవి. అన్నీ చివరికి నెట్టే అలవాటు తర్వాత వచ్చింది. హాలీవుడ్‌లో అయితే దీని మీద పెద్ద గొడవే జరిగింది. 1980లో స్టార్ వార్స్ రెండో సినిమాకు దర్శకుడి పేరు మొదట్లో వేయలేదని అక్కడి దర్శకుల సంఘం ఆ సినిమా తీయించిన జార్జ్ లూకాస్‌కి జరిమానా వేసింది. ఆయన జరిమానా కట్టి సంఘం నుంచే బయటికి వచ్చేశారు. అంటే పేర్లు ఎక్కడ రావాలన్నది ఆచారమే, ఏ కాలానికి ఆ ఆచారం.

1995లో వచ్చిన హాలీవుడ్ క్రైమ్ సినిమా 'సెవెన్' టైటిల్స్ చూడండి. కైల్ కూపర్ చేశారు. అక్షరాలను చేత్తో ఫిల్మ్ మీద గీకారు. ఆ రెండు నిమిషాల్లో హంతకుడి ముఖం కనిపించదు, అతను తన నోట్‌బుక్కులు తయారు చేసుకోవడం కనిపిస్తుంది. పేర్లు నడుస్తుండగానే కథ మొదలైపోయింది. గోడరాత తమ్ముడి ఆలోచనలో ఆ గుణం ఉంది. అక్షరాలు రాసే మనిషి కథకు అక్షరాలతో మొదలుపెట్టకపోతే ఇంక దేనికి పెడతాం?

ట్రైపాడ్
వాదన పక్కన పెట్టి లెక్క చెప్తాను. పేర్లు రాస్తున్నంతసేపూ వీడియో తీయక్కర్లేదు. ట్రైపాడ్ కదలకుండా పెట్టి రెండు సెకన్లకు ఒక ఫోటో తీయండి. 40 నిమిషాల పనికి 1200 ఫోటోలు, సెకనుకు 24 చొప్పున 50 సెకన్ల ఫుటేజ్. మంచి ఫోన్‌తోనూ అవుతుంది, అద్దె కెమెరా అవతల సీన్లకు వాడుకోండి. ఎక్స్‌పోజర్ (వెలుతురు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల తీరు) మూడూ లాక్ చేయాలి, లేకపోతే బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. నీడ కదలకుండా రోజంతా ఎండ పడని గోడ చూసుకోండి.

చివరి పేర్లు కంప్యూటర్‌లో వేసేటప్పుడు టెక్స్ట్ సెట్టింగ్ దక్షిణాసియా లిపులకు మార్చండి. లేదంటే 'దర్శకత్వం'లో వత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఫోన్‌లో చూసేవాళ్ళ కోసం వరుసల మధ్య ఎడం కూడా ఎక్కువ ఉంచండి.

నాన్నకుంచె
మా నాన్న గోడలు రాసేవారు. అందుకే రాయకుండా ఉండలేకపోతున్నాను.

నాన్న ముందు సుద్దపొడి అద్దిన దారం ఇద్దరి చేత పట్టించి, లాగి వదిలి గీత కొట్టేవారు. దారం చివర పట్టుకోవడం నా పని. పెన్సిల్ వాడరు. ముందు అక్షరాల గుండ్రాలన్నీ వేసుకుంటూ పోయి, చివర్లో తలకట్లన్నీ ఒక్క ఊపున పెట్టేవారు. అప్పటిదాకా సున్నాల్లా ఉన్నవి ఒక్కసారి మాటలైపోయేవి. మీరు రాయించి తీస్తే ఆ క్షణం పట్టుకోండి, ఎవరూ మాట్లాడరు హాల్లో.

కానీ బాబూ, నాదొక సందేహం. మీ కథలో ఆయన ఇప్పుడు రాయడం లేదు కదా, చెరిపేస్తున్నాడు కదా? మరి టైటిల్స్‌లో రాస్తున్నట్టు ఎందుకు? పేర్లు ముందే రాయించి పెట్టుకుని, వాటి మీద ఆయన సున్నం వేస్తుండగా తీయండి. తడి సున్నం వేయగానే అడుగున ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది. ఆరేకొద్దీ తెల్లబడి, పేరు మెల్లగా లోపలికి వెళ్ళిపోతుంది. రెండు పూతలు పట్టవచ్చు. ఎనామిల్‌తో రాయించకండి, దాని మీద సున్నం సరిగా పట్టదు. నీళ్ళ రంగు చాలు. మా ఇంటి వెనక గోడ మీద నాన్న సరదాగా రాసిన నా పేరు అలాగే పోయింది, పండక్కి సున్నం వేసినప్పుడు. సాయంత్రం దాకా చూస్తూ కూర్చున్నాను.

రాసే పెయింటర్‌కి రోజు కూలీ ఇవ్వండి. ఆయన పేరు కూడా గోడ మీద ఉండాలి. గోడ యజమానిని ముందే అడగండి.

కత్తెర
నాన్నకుంచె గారూ, మీరు చెప్పినది టైటిల్స్ కాదండీ, మొదటి సీన్. దానికి నేను అడ్డు చెప్పను. అయినా 80 సెకన్లు ఎక్కువేనంటాను. నాలుగు పేర్లు, 40 సెకన్లు. మిగతా ఐదుగురూ చివర్లో రండి. ఒక్కో పేరు రెండుసార్లు చదువుకునేంతసేపు కనిపించి, అప్పుడు తెల్లబడాలి. ముందు ఇంట్లో ఒక అట్టముక్క మీద సున్నం పూసి ఎంతసేపటికి ఆరుతుందో చూడండి. ఆ సంఖ్య తెలియకుండా షెడ్యూల్ వేయకండి.

పాతరీలు
నాలుగు పేర్లే అన్నది నాకు నచ్చలేదు. స్టూడెంట్ సినిమాలో లైటు పట్టుకున్న కుర్రాడికి డబ్బు రాదు, ఆ పేరే వస్తుంది. చివరి పేర్లు వచ్చేసరికి ఎంతమంది కూర్చుంటారు?

గోడరాత
నాన్నకుంచె అక్కా, మీ పోస్టు మా ఎడిటర్‌కి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సున్నం ఎక్కడ దొరుకుతుంది?" అంది.

అట్టముక్క మీద కాకుండా మా మేడ మీద పిట్టగోడకే పూశాం. నల్లరంగుతో 'కూర్పు' అని రాసి, పైన సున్నం. ఎండలో మొదటి పూత ఆరడానికి 25 నిమిషాలు పట్టింది, 'ర్పు' వత్తు మాత్రం ఇంకా లీలగా కనిపిస్తోంది. రేపు నీడలో రెండో పూత. తొమ్మిది పేర్లా నాలుగా అన్నది ఇంకా తేలలేదు. లైటు పట్టుకునే మా వాడు వచ్చి తన పేరు పిట్టగోడ మీద తనే రాసుకుని వెళ్ళాడు. రేపు దాని మీదే పూస్తాం.