అప్‌డేట్: బోల్తా పడే చెక్కచేప ఇప్పుడు తిన్నగా ఈదుతోంది

పోయిన నెల అడిగాను కదా, కొర్రమీనుకు ఎరగా పొణికి చెక్కతో చేసిన ఉత్తుత్తి చేప నీళ్లలో వేయగానే ఎందుకు వెల్లకిలా పడుతోందని. బరువు పొట్ట కిందికి దించమని మీలో చాలామంది చెప్పారు. అదే జబ్బు. నేను సీసం ముక్కను వీపు దగ్గర దూర్చాను, తెలివి చూడండి!

ఈసారి పొట్ట అడుగున, నడుముకు కాస్త ముందుగా చిన్న రంధ్రం చేసి సీసం పెట్టాను. అంటించే ముందే బకెట్లో వేసి చూశాను. నాలుగుసార్లు తీసి గీరాక నిటారుగా నిలబడింది. బకెట్ పరీక్ష ముందే చేసి ఉంటే రెండు చేపలు పొయ్యిపాలు అయ్యేవి కావు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. కొండపల్లి బొమ్మలు చేసే ఈ చెక్క తేలికే, కానీ మెత్తన. గాలాలు తగిలించే మర కొక్కేలు బిగిస్తే ఒక్క గుంజుకే ఊడి వచ్చాయి. గాలంతో సహా కొర్రమీను గుర్రపుడెక్కలోకి మాయం! ఇప్పుడు ముక్కు నుంచి తోకదాకా ఒకటే స్టీలు తీగ, గాలాలు దానికే తగిలించాను. పైన మూడు పూతలు వార్నిష్, పూతకీ పూతకీ మధ్య ఒక రోజు ఆరబెట్టాను. తొందరపడితే చెక్క నీళ్లు పీల్చి బరువెక్కుతుంది.

నిన్న పొద్దున్నే చెరువు గట్టున మూడో విసురుకే కొర్రమీను పడింది, కిలోకి కాస్త తక్కువ. చెక్కచేప రంగు మాత్రం అప్పుడే దాని పళ్లకు గీసుకుపోయింది. దానికేం చేయాలంటారు?