ప్రొఫెషనల్ బేస్‌బాల్ లీగ్ అసలు ఎప్పుడు మొదలైనట్టు?

స్కోర్‌పిచ్చి:
ఒకచోట 1869 అని ఉంటుంది, ఇంకోచోట 1871, మళ్ళీ నేషనల్ లీగ్ 1876 అంటారు. మొదటి లీగ్ ఏదనుకోవాలి? ఒకటి ఉండగా ఇంకోటి ఎందుకు పెట్టాల్సొచ్చింది?

పాతబంతి:
1869 లీగ్ కాదండి, టీమ్. సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్. అంతకుముందు కూడా చాటుగా డబ్బులిచ్చేవాళ్ళు గానీ పైకి అందరూ అమెచ్యూర్లే (డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్ళే), ఆ టీమ్ నడిపిన హ్యారీ రైట్ మాత్రం టీమ్ మొత్తాన్ని బాహాటంగా జీతాల మీద ఆడించాడు. తమ్ముడు జార్జ్‌కి సీజన్‌కి 1,400 డాలర్లు. ఆ ఏడాది ఒక్క మ్యాచ్ ఓడలేదు, 1870 జూన్‌లో బ్రూక్లిన్ అట్లాంటిక్స్ 11 ఇన్నింగ్స్ (మామూలుగా తొమ్మిదే) ఆడి 8-7తో ఓడించారు.

మొదటి లీగ్ అంటే 1871 మార్చిలో న్యూయార్క్‌లో పెట్టిన నేషనల్ అసోసియేషనే. 10 డాలర్లు కడితే ఏ క్లబ్ అయినా చేరిపోవచ్చు, అక్కడే కొంప మునిగింది. షెడ్యూల్ అంటూ పైనుంచి ఎవరూ వేసేవాళ్ళు కాదు, క్లబ్బులే మాట్లాడుకుని మ్యాచ్‌లు కుదుర్చుకోవాలి, చేతిలో డబ్బులైపోతే సీజన్ మధ్యలోనే మాయం. బెట్టింగ్ గొడవ సరేసరి. పైగా 1872 నుంచి నాలుగేళ్ళూ బోస్టనే ఛాంపియన్, 1875లో అయితే 71 గెలిచి 8 ఓడింది, ఇంక మిగతా ఊళ్ళవాళ్ళు టికెట్ కొని ఏం చూస్తారు.

ఎడమచేతివాటం:
నా లెక్కలో అసలు లీగ్ 1876దే. చికాగో క్లబ్ ప్రెసిడెంట్ విలియం హల్బర్ట్, 1875 సీజన్ నడుస్తుండగానే బోస్టన్ నుంచి వాళ్ళ పిచర్ (బంతి విసిరేవాడు) స్పాల్డింగ్‌తో కలిపి నలుగురు ఆటగాళ్ళని తర్వాతి ఏడాదికి మాట్లాడేసుకున్నాడు. అది రూల్‌కి విరుద్ధం, దానికి తనని బయటకి పంపేలోపే 1876 ఫిబ్రవరి 2న న్యూయార్క్‌లో ఒక హోటల్లో మీటింగ్ పెట్టి ఎనిమిది క్లబ్బులతో కొత్త లీగే పెట్టేశాడు. మొదటి సీజన్ చివర్లో న్యూయార్క్ మ్యూచువల్స్, ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ పడమటి ఊళ్ళకి వెళ్ళి ఆడాల్సిన మ్యాచ్‌లు ఎగ్గొడితే రెండింటినీ తీసేశారు. అంత పెద్ద ఊళ్ళ క్లబ్బుల్ని వదులుకున్నారంటే మామూలు విషయం కాదు, షెడ్యూల్‌కి విలువ వచ్చింది అప్పుడే. 1877లో డబ్బులు తీసుకుని ఓడిన లూయిస్‌విల్ కేసులో కూడా అంతే, నలుగురిని జీవితాంతం బ్యాన్ చేశారు.

మూడోబేస్:
అంతా బానే ఉంది గానీ ఆటగాళ్ళ సంగతి కూడా చెప్పండి. ఓనర్లంతా ఒక్కటై 1879లో రిజర్వ్ రూల్ తెచ్చారు, క్లబ్‌కి ఐదుగురు, వాళ్ళని ఇంకే క్లబ్ తీసుకోకూడదు. జీతాలు పెరగకుండా ఆపడానికే అది, తర్వాత దాదాపు అందరికీ పాకించారు, 1975 దాకా ఆటగాళ్ళు దాన్నుంచి బయటపడలేకపోయారు. మధ్యలో 1890లో జాన్ మాంట్‌గొమరీ వార్డ్ ముందుండి ఆటగాళ్ళతోనే ప్లేయర్స్ లీగ్ పెట్టించాడు, మంచి మంచి ఆటగాళ్ళు బోలెడుమంది అటే వెళ్ళారు, కానీ డబ్బు పెట్టినవాళ్ళు నష్టాలు చూసి జారుకోవడంతో ఒక్క సీజన్‌కే మూతపడింది.