ఫీచర్ ఫ్లాగ్‌లు డేటాబేస్‌లో ఉంటే ఎప్పుడెప్పుడు చదవాలి? పొద్దున 6 గంటలకు సర్వర్ పడిపోతోంది

పాల_సర్వర్ (చిత్తూరు)
అన్నలకు నమస్తే. మాది పాల సేకరణ సాఫ్ట్‌వేర్. ఊళ్లలోని సెంటర్లలో ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాకుండా పాలలో మిగిలే ఘన పదార్థం) రీడింగ్ పడగానే మా సర్వర్ రేటు కట్టి స్లిప్ ఇస్తుంది. కొత్తగా చేసిన పనులన్నీ ఫ్లాగ్‌ల వెనక పెట్టినాం, అంటే కోడ్ ముట్టకుండా ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు. డేటాబేస్‌లో ఒక టేబుల్, అందులో ఫ్లాగ్ పేరు, ఆన్ లేదా ఆఫ్, అంతే. కోడ్‌లో ఎక్కడ ఫ్లాగ్ కావాలంటే అక్కడ ఒక సెలెక్ట్ క్వెరీ. ఒక్క పాల ఎంట్రీకి 14 సార్లు అడుగుతున్నాం. మధ్యాహ్నం ఏ బాధా లేదు. పొద్దున 6 నుంచి 7:30 దాకా సెంటర్లన్నీ ఒకేసారి మీద పడతాయి, మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 'టూ మెనీ క్లయింట్స్' అని చేతులెత్తేస్తుంది. సర్వర్లు 4, ఒక్కోదానికి పూల్ 30, అంటే డేటాబేస్‌కు అన్ని కనెక్షన్లు. ఫ్లాగ్‌లను స్టార్టప్‌లో ఒకసారి లోడ్ చేసుకుంటే చాలా, ప్రతిసారీ చదవాలా?

ఎస్క్యూఎల్_సామి (తిరుపతి)
తమ్ముడూ, 4 ముప్పైలు 120. పోస్ట్‌గ్రెస్‌లో మాక్స్ కనెక్షన్స్ డిఫాల్ట్ 100. నువ్వు మార్చి ఉండకపోతే పడిపోక ఏం చేస్తుంది?

ఇక ఫ్లాగ్‌ల సంగతి. నీ టేబుల్‌లో మహా అయితే యాభై వరసలు ఉంటాయి. మొత్తం ఒక్క క్వెరీతో తెచ్చి మెమరీలో పెట్టుకో. వెనకాల ఒక థ్రెడ్ 30 సెకన్లకోసారి మళ్లీ తెచ్చుకుంటుంది. 4 సర్వర్లకు కలిపి నిమిషానికి 8 క్వెరీలు, అంతే. డేటాబేస్ పలకలేదా, చేతిలో ఉన్న పాత విలువలతోనే నడిపించు, చెరిపేయొద్దు. స్టార్టప్‌లోనే పలకకపోతే కోడ్‌లో రాసుకున్న డిఫాల్ట్‌తో లేవాలి. ఇప్పుడు నీ పద్ధతిలో డేటాబేస్ మీద బరువు తగ్గించే ఫ్లాగ్ ఒకటి ఉందనుకో, అది ఆఫా ఆనా అని తెలుసుకోవడానికి కూడా ఆ మూలుగుతున్న డేటాబేస్‌నే అడగాలి.

గిట్_గోవింద (రేణిగుంట)
అసలు ఫ్లాగ్‌లు డేటాబేస్‌లో పెట్టడమే తప్పు. ఫైల్‌లో పెట్టు, ఎవరు ఏం మార్చారో రాసి ఉంచే గిట్‌లో ఉంచు. మార్చాలంటే ఇంకొకరితో రివ్యూ చేయించి డిప్లాయ్ చెయ్, అంటే సర్వర్లకు ఎక్కించు. అమెరికాలో షేర్ల వ్యాపారం చేసిన నైట్ క్యాపిటల్ కథ తెలుసా? 2012 ఆగస్టు 1న ఒక పాత ఫ్లాగ్ పుణ్యమా అని ముప్పావు గంటలో 44 కోట్ల డాలర్లు పోయాయి.

ఎస్క్యూఎల్_సామి
అక్కడ జరిగింది పూర్తిగా చెప్పండి సార్. కొత్త కోడ్ 8 సర్వర్లలో ఒకదానికి చేరలేదు. పాత ఫ్లాగ్‌నే కొత్త పనికి వాడుకున్నారు కాబట్టి ఆ ఒక్క సర్వర్‌లో ఎప్పుడో వదిలేసిన పాత కోడ్ లేచింది. తప్పింది డిప్లాయ్. మీరు మమ్మల్ని చేయమంటున్నదే అది.

లీలామహల్_లైనక్స్
మా దగ్గర డిప్లాయ్‌కి 25 నిమిషాలు. పొద్దున 6:10కి తప్పు రేటు పడుతుంటే 6:35 దాకా టీ తాగుతూ కూర్చోవాలా?

గిట్_గోవింద
క్షణంలో మార్చగలగడమే రోగం. వెబ్‌సైట్లకు ముందుండి కాపలా కాసే క్లౌడ్‌ఫ్లేర్ 2025 నవంబర్ 18న ఎందుకు పడిపోయింది? డేటాబేస్ క్వెరీతో తయారైన ఫీచర్ ఫైల్ రెండింతలై అన్ని మెషిన్లకూ పాకింది.

ఎస్క్యూఎల్_సామి
అది ఫీచర్ ఫ్లాగ్ కాదు సార్! బాట్‌లను, అంటే తమంతట సైట్లు తెరిచే ప్రోగ్రామ్‌లను పసిగట్టే మోడల్‌కి ఇచ్చే ఫీచర్లు, అంటే లక్షణాలు. 200 దాటకూడదన్న హద్దు దాటేసరికి ప్రోగ్రామ్ కూలింది. పేరు ఒకటైతే మనిషి ఒకడేనా?

గిట్_గోవింద
పేరు గొడవ వదిలెయ్. డేటాబేస్ ఇచ్చిందాన్ని చూడకుండా లోడ్ చేసుకున్నాయా లేదా?

ఎస్క్యూఎల్_సామి
చేసుకున్నాయి. ఆ తర్వాత వాళ్లు రాసుకున్న పనుల్లో కిల్ స్విచ్‌లు పెంచాలని కూడా ఉంది. కిల్ స్విచ్ అంటే ఏంది, డిప్లాయ్ లేకుండా ఆపే ఫ్లాగే కదా?

కొర్లగుంట_కోడర్
30 సెకన్లు ఎందుకు? మార్పు జరిగితే పోస్ట్‌గ్రెసే కబురు పంపే లిజన్, నోటిఫై వాడితే వెంటనే తెలుస్తుంది.

ఎస్క్యూఎల్_సామి
మధ్యలో కనెక్షన్లు పంచే పీజీబౌన్సర్ ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఉంటే లిజన్ పనిచేయదు. కనెక్షన్ తెగినప్పుడు వచ్చిన కబురు పోయినట్టే. ఎలాగూ పోలింగ్, అంటే కొన్ని సెకన్లకోసారి అడగడం, ఉంచుకోవాల్సిందే.

కొర్లగుంట_కోడర్
ఆ 30 సెకన్లు ఒక సర్వర్ పాత రేటు, ఇంకో సర్వర్ కొత్త రేటు ఇస్తాయి కదా. నేను అడిగేది అదే.

పాల_సర్వర్
అన్నా, మాకు ప్రతిసారీ చదివినా అదే గతి పట్టింది. పోయిన నెల ఒక సెంటర్‌లో స్క్రీన్ మీద లీటరు 36.20 అని పడింది, చేతికొచ్చిన స్లిప్‌లో 36.60. తేడా ఎక్కువే వచ్చింది కాబట్టి ఆయమ్మ ఏమీ అనలేదు. ఆమెకు ముందు పాలు పోసినాయన మాత్రం 'నాకు మాత్రం పాత రేటెందుకు' అని క్యాన్ కింద పెట్టి కదల్లేదు. లాగ్ చూస్తే ఒకే రిక్వెస్ట్‌లో మూడోసారి అడిగినప్పుడు ఆఫ్, తొమ్మిదోసారి ఆన్.

మిట్టూరు_టెస్టర్
తమ్ముడూ, రిక్వెస్ట్ మొదట్లో ఫ్లాగ్‌లన్నీ ఒక కాపీ తీసుకుని చివరిదాకా అదే వాడండి, స్క్రీన్, స్లిప్ ఒకటవుతాయి. కానీ రేటు ఫ్లాగ్‌లో పెట్టే వస్తువు కాదు. రేటు చార్ట్‌కి అమలు తేదీ, పూట రాయాలి. సాయంత్రం పూట నుంచి అని ఉంటే ఎవరు ఎప్పుడు మార్చినా క్యూ మధ్యలో మారదు.

ఎస్క్యూఎల్_సామి
అక్క చెప్పింది కరెక్ట్. ఇంతకీ పాలు పోస్తుండగా ఆ ఫ్లాగ్ ఆన్ చేసిందెవరు?

పాల_సర్వర్
మా మేనేజర్ సార్. ఇంట్లోంచి, ఫోన్లో అడ్మిన్ పేజీ తెరిచి.

గిట్_గోవింద
చూశారా! ఇందుకే నేను మొత్తుకుంటున్నది.

ఎస్క్యూఎల్_సామి
ఇందుకే అని మీరు ఇప్పుడంటున్నారు. పొద్దున్నుంచి ఫైల్, గిట్ తప్ప ఇంకో మాట లేదు. ఒక్కసారైనా డేటాబేస్‌లో ప్రొడక్షన్ నడిపి చూశారా, వినికిడి మాటలేనా?

గిట్_గోవింద
నడిపినా సామీ. పాత కంపెనీలో. రాత్రి ఒంటిగంటకు ఎవరో ఫ్లాగ్ టేబుల్ మీద వేర్ క్లాజ్ (ఏ వరస మార్చాలో చెప్పే ముక్క) లేకుండా అప్‌డేట్ కొట్టారు. సగం రాసి ఆపిన ఫీచర్లతో సహా అన్నీ ఆన్. ఆ వారం డ్యూటీ నాది. తెల్లారేదాకా కూర్చుని ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుని ఆఫ్ చేసినా. ఎవరు కొట్టారో టేబుల్‌లో జాడ లేదు. ఉన్న ఒకే జాడ, ఆ రాత్రి లాగిన్ అయిన నా పేరు. క్షమాపణ లెటర్ రాయించుకున్నారు, ఆ ఏడాది ఇంక్రిమెంట్ లేదు. గిట్‌లో అయితే కమిట్ మీద వాడి పేరు ఉండేది.

ఎస్క్యూఎల్_సామి
అన్నా, వినికిడి మాటలన్నందుకు ఏమీ అనుకోవద్దు. అయితే మీ బాధ ఎక్కడ పెట్టారని కాదు, ఎవరు తిప్పారని. ఎవరు, ఎప్పుడు, పాత విలువ, కొత్త విలువ, కారణం... ఇవి పడే హిస్టరీ టేబుల్ ఒకటి పెడితే మీకు ఒప్పుకోలేనా?

గిట్_గోవింద
టేబుల్ మీద నేరుగా అప్‌డేట్ కొట్టే హక్కు మనుషులెవరికీ లేకుండా తీసేస్తే, అప్పుడు ఆలోచిస్తా. ఆలోచిస్తా అన్నా, ఒప్పుకున్నా అనలేదు.

లీలామహల్_లైనక్స్
ఈ మాట పొద్దున్నే అనుంటే నా టిఫిన్ చల్లారేది కాదు.

పాల_సర్వర్
అన్నలూ, నాలుగు రోజులైంది. పూల్ 20 చేసినా, ఫ్లాగ్‌లు మెమరీలోకి తెచ్చినా, పొద్దున 6 ప్రశాంతంగా గడుస్తోంది. రేటుకు అమలు పూట పెట్టే పని మొదలైంది. హిస్టరీ టేబుల్ కూడా పెట్టినా. నిన్న ఒక ఫ్లాగ్ మారింది, తెరిచి చూస్తే 'ఎవరు' అన్న చోట 'అడ్మిన్' అని పడింది. ఆఫీసులో ఆరుగురం అదే లాగిన్ వాడతాం, పాస్‌వర్డ్ మానిటర్ అంచున స్టిక్కర్ మీద రాసుంటుంది. తలా ఒక లాగిన్ ఇద్దామని సార్‌ని అడిగితే 'ఇప్పుడు ఏం తొందర' అన్నారు.

గిట్_గోవింద
ఆ స్టిక్కర్ ఫోటో తీసి పెట్టుకో తమ్ముడూ. తేదీ కనపడేలా.