అప్‌డేట్: అద్దె ఇంటి కథకి కొత్త ఎత్తుగడ దొరికింది

నా కథ మొదటి రెండు పేజీలు దాటి ఎవరూ చదవడం లేదు, ఎత్తుగడ, అంటే కథ మొదలు, ఎలా మార్చాలి అని అడిగాను కదా. ‘గొడవ దగ్గరే మొదలుపెట్టు, వెనకటి సంగతులు తర్వాత’ అన్న సలహా బాగా పనికొచ్చింది. చెప్పినవాళ్లకు చాలా థాంక్స్.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని గురజాడ ‘దిద్దుబాటు’ మళ్లీ చదివాను. 1910 నాటి కథ. పొద్దుపోయి ఇంటికొచ్చిన భర్త తలుపు కొట్టడంతోనే మొదలవుతుంది, అతనెవరో ఏమిటో తర్వాత తెలుస్తుంది.

నాది మెహదీపట్నంలో నడిచే కథ. పాత ప్రతిలో, అద్దెకుండే సరోజ పెళ్లి, ఊరు, అప్పులు అన్నీ చెప్పడం అయ్యాక గానీ ఓనరమ్మ వచ్చేది కాదు. ఇప్పుడు తొలి మాటే ఆవిడది: ‘ఇయ్యాలనన్నా కిరాయి ఇస్తవా, ఇయ్యవా?’ సరోజ జవాబు చెప్పదు. చేతిలోని పాల ప్యాకెట్‌ను కొంగు చాటుకు జరుపుకుంటుంది. అప్పుల గురించి రాసిన పేరా మొత్తం ఆ ఒక్క కదలికతో అక్కర్లేకుండా పోయింది. నాకైతే అన్నిటికన్నా ఇదే పెద్ద లాభం.

పైకి చదువుకుంటూ దిద్దితే సంభాషణలూ చిక్కబడ్డాయి. ముగింపు ఇంకా తేలలేదు. సరోజ ఇల్లు ఖాళీ చేస్తుందో లేదో రాస్తూ చూడాలి. ఈ ఆదివారం కొత్త ప్రతిని ఇద్దరు స్నేహితులకు ఇస్తున్నాను.